తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గూడేల్లో గ్రంథాలయాలు నడపడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పాడేరు వైపు కొండమీది గూడెం. 40 గడపలు. జీపు ఆగే చోటు నుంచి 6 కిలోమీటర్లు నడక. పట్నం దాతలు ఇచ్చిన 400 పుస్తకాలతో పాత బడి గదిలో గ్రంథాలయం తెరిచాం. మొదటి వారం పిల్లలు ఎగబడ్డారు. ఇప్పుడు ఒక్కరూ రావడం లేదు. లోపం ఎక్కడ?
– ఒక వాలంటీరు

జవాబు: ముందు రెండు సంగతులు చూడండి. ఆ గది ఏ వేళకు తెరుస్తున్నారు? తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు అనేది పట్నం వేళ. ఆ సమయంలో పెద్దవాళ్లు పోడులోనో కాఫీ తోటలోనో ఉంటారు, పిల్లలు బడిలోనో మేకల వెంటో ఉంటారు. గూడెంలో మనుషులు దొరికేది పొద్దుగూకే ముందు ఒక గంట, అన్నాలయ్యాక ఒక గంట. సంత రోజు ఊరు ఖాళీ, కాబట్టి ఆ రోజు తెరిచినా దండగే. ఇక తాళంచెవి టీచరు గారి దగ్గరుంటే వేసవి సెలవుల్లో ఆయనతోపాటు అదీ ఊరు వెళ్లిపోతుంది. ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలు ఇళ్లకు వచ్చేది సరిగ్గా అప్పుడే. అందుకని రెండు తాళంచెవులు చేయించండి. ఒకటి ఆ గదికి ఆనుకుని ఉన్న ఇంటి ఇల్లాలికి, ఒకటి ఊళ్లోనే ఉండే ఇంటరు చదివిన పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. చదువు రాని ఇల్లాలు గ్రంథాలయం ఎలా నడుపుతుందని అడగకండి. తలుపు తీయడానికి, ఏ పుస్తకం ఏ ఇంటికి వెళ్లిందో గుర్తుంచుకోవడానికి ఆమెను మించినవాళ్లు ఊళ్లో ఉండరు.

ఇక ఆ 400 పుస్తకాలు. దానంగా వచ్చిన కట్టల్లో సాధారణంగా ఏముంటాయో తెలిసిందే: గడువు తీరిన పోటీ పరీక్షల గైడ్లు, మారిపోయిన సిలబస్ పాఠ్యపుస్తకాలు, పాత వారపత్రికలు, ఇంగ్లీషు లావు నవలలు. మొహమాటపడకుండా ఏరేయండి. 400లో 100 నిలిస్తే అదృష్టమే. 40 గడపలకు మొదట 120 పుస్తకాలు చాలు. అందులో 70 వరకు బొమ్మల పుస్తకాలు ఉండాలి, పేజీకి రెండు మూడు వాక్యాలకు మించకూడదు. 25 పెద్దపిల్లలకు. మిగతావి పనికొచ్చేవి: మిరియం, కాఫీ, పసుపు సాగు, మేకల రోగాలు, బాలింత ఆరోగ్యం, అటవీ హక్కుల చట్టం. ఈ చివరి రకం పుస్తకాన్ని ఎవరూ మొదటి పేజీ నుంచి చదవరు. ఒకరు బిగ్గరగా చదువుతుంటే పదిమంది విని వాదించుకుంటారు. అదే అక్కడి పద్ధతి, దాన్ని మార్చబోకండి. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు ఉంటే తీసేయండి.

ఇంకో చిక్కు భాషది. పాడేరు చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఆదివాసీ ఒరియా మాట్లాడతారు, కొన్ని గూడేల్లో కువి. చిన్నపిల్లలకు తెలుగు బడిభాషే తప్ప ఇంటిభాష కాదు. కాబట్టి మొదటి రెండు నెలలూ పుస్తకం చేతికిచ్చి వదిలేయకండి. సాయంత్రం ఒక పుస్తకం, బొమ్మలు చూపిస్తూ ఇంటిభాషలో చెప్పించండి. అదే పుస్తకం మూడు రోజులు చెప్పించండి. నాలుగో రోజు పిల్లలే లాక్కుని చదువుతారు.

రిజిస్టరులో నాలుగే గళ్లు పెట్టండి: తీసుకున్న తేదీ, ఇల్లు, పుస్తకం నంబరు, తిరిగొచ్చిన తేదీ. జరిమానా వద్దు. జరిమానా పెట్టిన చోట పుస్తకం పోగొట్టిన పిల్లాడు మళ్లీ ఆ గడప తొక్కడు. పుస్తకమూ పోయింది, పాఠకుడూ పోయాడు. ఏడాదికి కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. ఆ లెక్క ముందే ఖర్చులో వేసుకోండి. వర్గీకరణకు పెద్ద గ్రంథాలయాల్లో వాడే దశాంశ నంబర్లు అక్కర్లేదు. పుస్తకం వీపు మీద రంగు చుక్క చాలు, నాలుగు రంగులు నాలుగు రకాలకు. కరెంటు పనుల టేపు అంటిస్తే వేసవిలో జిగురు కారి పక్క పుస్తకానికి పట్టుకుంటుంది. ఆయిల్ పెయింటు చుక్క నిలుస్తుంది.

కొత్త పుస్తకాలు తెప్పించడానికి వేరే బండి కట్టించుకోకండి, ఎలాగూ వచ్చిపోయేదాన్నే వాడుకోండి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పుస్తకాలను పడవ ఎక్కించారంటే, ఆ రోజుల్లో కాలువగట్టు ఊళ్లకు పడవే బస్సు కాబట్టి. మీకు సంత జీపు ఉంది. రేకు ట్రంకు పెట్టెలో పిల్లల పుస్తకాలు 100 సర్దితే, పెట్టెతో కలిపి 12, 13 కిలోలు. రెండు పెట్టెలైతే కావిడికి సరిగ్గా సమతూకం. నెలకోసారి పక్క గూడెం పెట్టెతో మార్చుకోండి. ఆ మార్పు ఆగిన చోటే గ్రంథాలయాలు మూతపడుతున్నాయి. ఉన్న 100 పుస్తకాలూ రెండు మూడు నెలల్లో చదివేశాక పిల్లలు దేనికోసం వస్తారు?

ప్రశ్న: ప్రభుత్వం నుంచి పుస్తకాలు వచ్చే దారి ఉందా?
– చింతపల్లి పాఠకుడు

జవాబు: ఉంది, నెమ్మదైన దారి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఇంటిపన్ను నామమాత్రంగా ఉండే ఏజెన్సీ పంచాయతీల్లో సెస్సూ నామమాత్రమే. అవసరం ఎక్కువున్న చోటే డబ్బు తక్కువ పుట్టే ఏర్పాటు ఇది. అందుకని శాఖా గ్రంథాలయం కావాలని అడిగి ఏళ్లు ఎదురుచూసే కన్నా, పంచాయతీ తీర్మానం జతచేసి పుస్తక నిక్షిప్త కేంద్రం (జిల్లా సంస్థ కొన్ని పుస్తకాలు ఉంచే చిన్న కేంద్రం) కోసం జిల్లా సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండి. గది, తెరిచే వేళలు, బాధ్యుల పేర్లు అందులో ఉండాలి. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972 నుంచి గ్రంథాలయాలకు పుస్తకాల సాయం చేస్తోంది. దాని దరఖాస్తు సాధారణంగా రాష్ట్ర గ్రంథాలయ శాఖ ద్వారానే వెళ్తుంది. ఏ దారిన వచ్చినా, పుస్తకాల జాబితా ఎంపికలో మీ మాట ఉండేలా చూసుకోండి. లేకపోతే మళ్లీ గైడ్లే వస్తాయి.

ప్రశ్న: మారేడుమిల్లి దగ్గర మాది. వానాకాలం వస్తే పుస్తకాలకు బూజు, ఎండాకాలం చెదలు. కలరా ఉండలు వేస్తున్నా లాభం లేదు.

జవాబు: కలరా ఉండలు వెంటనే తీసేయండి. అవి చెదలను ఆపవు, బూజును అసలే ఆపవు. పైగా నాఫ్తలీన్‌తో ఇంకో ప్రమాదం ఉంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల జనంలో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు, రక్తహీనత వస్తాయి. మూసిన చిన్నగది, పిల్లలు, కలరా ఉండలు – ఈ మూడూ కలవకూడదు.

చెద నేల నుంచి మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తుంది. ఇనుప అల్మరా ఉంటే చాలనుకుంటారు గానీ, అల్మరా గోడకు ఆనితే గోడ మీదుగా వచ్చి వెనక సందులోంచి దూరుతుంది. గోడకు కనీసం ఆరంగుళాల ఎడం ఉంచండి. కాళ్ల కింద గిన్నెలు పెట్టి వాడేసిన ఇంజనాయిల్ పోయండి. నీళ్లు వద్దు, దోమలు గుడ్లు పెడతాయి. గిన్నెలో దుమ్ము, ఆకులు పేరుకుంటే అదే చెదకు వంతెన అవుతుంది. వారానికోసారి చూడండి. గోడ మీద పెన్సిలు మందాన మట్టి గీత కనపడితే గీకేసి ఊరుకోకండి, అది నేలలో ఎక్కడ మొదలైందో అక్కడ పూడ్చండి.

బూజు పుట్టేది నిలిచిన గాలిలో. పుస్తకాలను బిగించి సర్దకండి, వేలు దూరేంత వదులు ఉండాలి. అల్మరా తలుపులు వాన లేని పూట తీసిపెట్టండి. వరుపు దొరికిన రోజు తొమ్మిది నుంచి పదకొండు లోపు చాప మీద, నీడలో, పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టండి. నేరుగా ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది, వీపు జిగురు పెళుసై విరుగుతుంది. ఎండిన వేపాకు, వస కొమ్ము తాళపత్రాల కాలం నుంచీ వాడుతున్నారు, పురుగుకు కొంత పనిచేస్తాయి. కానీ పచ్చి ఆకు పెడితే మీ చేత్తో మీరే తేమ పెట్టినట్టు.

పుస్తకం పూర్తిగా తడిస్తే మీ చేతిలో ఉన్నది 48 గంటలు. ఆలోపు ఆరకపోతే బూజు పడుతుంది. పది పేజీలకో న్యూస్‌పేపరు ముక్క పెట్టి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. నిగనిగలాడే ఆర్టు పేపరు పుస్తకమైతే తడి ఉండగానే పేజీలు విడదీయాలి. ఆరితే ఒకే అట్టముక్క అవుతుంది.

ప్రశ్న: సీతంపేట ఏజెన్సీలో పనిచేస్తున్నాను. సవర పిల్లలకు సవరలో పుస్తకాలు కావాలి. ఎక్కడ దొరుకుతాయి? ఏ లిపిలో ఉండాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, దొరికేవి తక్కువ. 2004–05లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మాతృభాషా బోధనలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. పాత బడుల బీరువాల్లో వెతకండి, మూలన పడి ఉండొచ్చు. ఒడిశా వైపు సవర పిల్లల పుస్తకాలు ఉన్నాయి గానీ అవి ఒడియా లిపిలో ఉంటాయి, మీ పిల్లలు చదవలేరు. బొమ్మలు వాడుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులోని పుస్తకాలను, మూలం ఎవరిదో పేరు చెప్పి, మార్చి ముద్రించుకోవడానికి ముందే అనుమతి ఉంటుంది. తెలుగు వాక్యం తీసి సవర వాక్యం పెట్టుకోవచ్చు.

లిపి సంగతి ఊరి పెద్దలతో తేల్చుకోండి. సవరకు 1936లో మంగై గమాంగో రూపొందించిన సొరంగ్ సోంపెంగ్ లిపి ఉంది. అది కొందరికి పూజనీయం కూడా. పిల్లలకు బడిలో వచ్చిన లిపి తెలుగు. రెండూ ఒకే పుస్తకంలో ఉండొచ్చు. తెలుగులో రాస్తే వచ్చే చిక్కు ఒకటే: సవరలో గొంతు ఠక్కున ఆగి పలికే ధ్వని ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. గిడుగు రామమూర్తి గారు 1931లో అచ్చయిన సవర వ్యాకరణంలో రోమన్ అక్షరాలు, ప్రత్యేక గుర్తులు వాడాల్సి వచ్చిందంటే ఇలాంటి ధ్వనుల వల్లే. మీరు ఒక గుర్తు ఎంచుకుని అన్ని పుస్తకాల్లో అదే వాడండి. పుస్తకానికో గుర్తు పెడితే పిల్లలు తికమక పడతారు.

మిగతాది సొంతంగా తయారు చేసుకోవడమే. ఏ4 కాగితాలు నాలుగు తీసుకుని మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం. పేజీలు ఏ వైపు ఏవి రావాలో ఒక కిటుకు ఉంది: కాగితానికి ఏ వైపు చూసినా రెండు అంకెల మొత్తం 17 రావాలి. బయటి కాగితం మీద ఎడమ 16, కుడి 1. దాని వెనక 2, 15. రెండో కాగితం 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. లోపలిది 10, 7. వెనక 8, 9. అట్టకు కొంచెం మందపాటి కాగితం. స్టేప్లరు పిన్నులు మన్యం తేమకు ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. అందుకని దారంతో కుట్టండి. మడత మీద మూడు రంధ్రాలు చేసి, బయటి నుంచి మధ్య రంధ్రంలో లోపలికి, పై రంధ్రంలోంచి బయటికి, కిందిదాంట్లోంచి లోపలికి, మళ్లీ మధ్యలోంచి బయటికి తెచ్చి, వీపు మీది పొడుగు దారాన్ని మధ్యలో ఇరికించి రెండు కొసలూ ముడేయండి. పదేళ్ల పిల్లలు అరగంటలో నేర్చుకుంటారు.

కథ ఎవరు చెప్పారో వాళ్ల పేరు అట్ట మీదే వేయండి, వాళ్లు సరేనంటే. మొదటి ప్రతి వాళ్ల ఇంటికే వెళ్లాలి.

ప్రశ్న: ఉట్నూరు ప్రాంతం. మా తాతల కాలం పాటలు, కథలు, మందుమొక్కల వివరాలు రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలని యువకులం అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: రికార్డు చేయడం మంచిదే. యూట్యూబులో పెట్టడం వేరే నిర్ణయం, అది మీ ఒక్కరిది కాదు. గోండుల వంశకథ పాడేది కిక్రి అనే తీగవాయిద్యం పట్టిన పర్ధాను, అంటే వాళ్ల సంప్రదాయ గాయకుడు. కానీ ఆ కథ ఏ సగ (వంశశాఖ) వాళ్లదో వాళ్ల పెర్సాపేను (వంశదైవం) ముందు పాడేది. అంటే పాడే గొంతు ఒకరిది, కథ ఇంకొకరిది. పర్ధాను సరేనన్నంత మాత్రాన సరిపోదు, ఆ ఇంటిపేరు పెద్దలనూ అడగాలి. ఎప్పుడు పాడాలో, ఎవరి ముందు పాడాలో నియమం ఉన్నవాటిని ఆ నియమంతోనే దాచాలి. రికార్డు చేసే ముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: అందరూ వినొచ్చు, మన ఊరివాళ్లే వినొచ్చు, మా ఇంటిపేరు వాళ్లే వినొచ్చు. చదువు రాని పెద్దమనిషి అయితే సంతకం కోసం పట్టుబట్టకుండా, ఆయన మాటనే రికార్డు మొదట్లో పెట్టండి. ఏడాది తర్వాత మనసు మార్చుకుంటే తీసేస్తామని కూడా ముందే చెప్పండి.

ఆస్ట్రేలియాలో ఈ చిక్కునే సాఫ్ట్‌వేరులోకి ఎక్కించారు. టెనంట్ క్రీక్ దగ్గరి వారుముంగు ఆదివాసులతో కలిసి తయారైన ముకుర్తు అనే ఏర్పాటులో, ఎవరు ఏది చూడొచ్చో ఆ సమాజం నియమాలే నడుపుతాయి. మీకు అంత అక్కర్లేదు. ఒక హార్డ్ డిస్కులో మూడు ఫోల్డర్లు, మూడోదానికి తాళం. ఆ తాళం, అంటే పాస్‌వర్డు, ఇంటిపేరు పెద్ద చెప్పిన మనిషి దగ్గర ఉండాలి. కంప్యూటరు వచ్చినవాడి దగ్గర కాదు.

మందుమొక్కల విషయంలో ఇంకా గట్టిగా చెబుతాం: వీడియో పెట్టకండి. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) సెక్షను జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద మీకు సామూహిక హక్కు ఇచ్చింది. ఒకసారి బహిరంగమైన దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ కమిటీ తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటుంది. అందులోనూ ఏది రాయాలి, ఏది వదలాలి అన్నది గ్రామసభలో మాట్లాడుకుని రాయించండి. మోతాదు, కలిపే పద్ధతి వంటివి రాయకపోయినా మొక్క పేరు, దొరికే చోటు, తగ్గిపోతోందా లేదా అన్నవి రాయొచ్చు.

ఇక పని సంగతి. ఫోనైనా చాలు, కానీ వాట్సాప్ వాయిస్ మెసేజీగా రికార్డు చేయకండి, ధ్వని నలిగిపోతుంది. రికార్డరు యాప్‌లో వేవ్ ఫార్మాటు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో పెట్టండి. గంటకు అర జీబీ పడుతుంది. ఫోను ఫ్లైట్ మోడులో ఉండాలి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. కిక్రి ఉంటే మనిషికీ వాయిద్యానికీ మధ్య, మూరెడు దూరంలో. రేకుల ఇంట్లో వాన పడుతుండగా రికార్డు చేస్తే ఏ యంత్రమూ బాగుచేయలేదు. గడ్డి కప్పు ఇల్లు మేలు. మొదట ఒక నిమిషం తేదీ, ఊరు, ఎవరు పాడుతున్నారు, ఎవరు విన్నారు అన్నవి మాటల్లో చెప్పించండి. కాగితం పోయినా అది పోదు. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, 20250114 లాగా, అప్పుడు అన్నీ వరుసలో నిలబడతాయి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో. వినడానికి ఎంపీ3గా మార్చుకుంటే గంట పాట 30 ఎంబీలో ఇముడుతుంది, మెమరీ కార్డులో వేసి ఇంటింటికీ ఇవ్వొచ్చు. పాడినవాళ్ల ఇంటికి కార్డు చేరాకే ఆ పని అయినట్టు.

ఇంకో మాట. మీ రాతల్లో గుంజాల గోండి లిపి వాడదలిస్తే అది 2018లో యూనికోడ్‌లోకి (కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలోకి) ఎక్కింది, నోటో ఫాంటు ఉచితం. ఆ ఫాంటు లేని ఫోనులో డబ్బాలు కనిపిస్తాయి. పంపేటప్పుడు పీడీఎఫ్‌గా పంపండి.

ప్రశ్న: మా గూడెంలో సిగ్నల్ లేదు. ఇంటర్నెట్ లేకుండా పిల్లలకు వికీపీడియా చూపించే పరికరం ఉందటగా?

జవాబు: ఉంది. పరికరం కొనేముందు పాత ఆండ్రాయిడ్ ఫోనుతో మొదలుపెట్టండి. కివిక్స్ అనే యాప్‌లో, దించుకున్న వికీపీడియా ఫైలును హాట్‌స్పాట్ ద్వారా పక్క ఫోన్లకు పంచే సదుపాయం ఉంది. తెలుగు వికీపీడియా చిన్న కార్డులోనే పడుతుంది. బొమ్మలతో సహా ఇంగ్లీషుదైతే దాదాపు 100 జీబీ. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది: 32 జీబీ, అంతకంటే చిన్న కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలూ ఎక్కదు. కాపీ మధ్యలో ఆగితే కార్డు పాడైందనుకుని పారేయకండి, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చండి. ప్లే స్టోరు నుంచి దించిన యాప్ కాపీ చేసిన ఫైలును తెరవకపోతే, కివిక్స్ సైటులోని ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) పెట్టుకోండి.

పిల్లలు పదిమంది దాటితే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు నయం. సుమారు 5 వాట్లు తింటుంది. సాయంత్రం నాలుగు గంటలు నడిపితే 20 వాట్ అవర్లు. 12 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) సోలారు బ్యాటరీలో 240 వాట్ అవర్లు ఉంటాయి, సగానికి మించి దించకూడదు కాబట్టి 120. అంటే ముసురు పట్టి ఎండ లేకపోయినా ఆరు సాయంత్రాలు నడుస్తుంది. 7 ఏహెచ్ బ్యాటరీ చౌక అని కొంటే రెండు సాయంత్రాలకే ఆగిపోతుంది. 5 వోల్టుల 3 ఆంపియర్ల కన్వర్టరు పెట్టండి, సన్న వైరు వాడితే మధ్యలో వోల్టేజి పడిపోయి పరికరం దానంతటదే ఆగి మొదలవుతూ ఉంటుంది. ఆపేటప్పుడు వైరు పీకేస్తే కార్డులోని సమాచారం చెడుతుంది. ఆపడం ఎలాగో తాళంచెవి ఉన్న ఇద్దరికీ నేర్పండి, అచ్చం అలాంటి రెండో కార్డు ట్రంకు పెట్టెలో ఉంచండి.

ప్రశ్న: హైమండార్ఫ్ దొర తీసిన మా పూర్వీకుల ఫొటోలు లండన్‌లో ఉన్నాయంటారు. మా ఊరికి తెచ్చుకోగలమా?
– జైనూరు దగ్గరి పాఠకుడు

జవాబు: గోండుల జీవితాన్ని పరిశోధించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ కాగితాలు, ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. చాలా ఫొటోలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ ప్రాంతానివి వెతికి, ప్రతి ఫొటో నంబరూ రాసుకుని, ఊరి ప్రదర్శనకు వాడుకుంటామని వాళ్లకు రాయండి. ప్రింటు ఏ4 సైజులో తీయించండి, ముసలివాళ్ల కళ్లకు అంతకన్నా చిన్నది ఆనదు. ఫొటో వెనక పెన్ను పెట్టకండి. నంబరు వేసిన నోటుబుక్కులో ‘ఎడమ నుంచి రెండో మనిషి ఫలానా’ అని చెప్పినవాళ్ల పేరుతో సహా రాసుకోండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. తర్వాత ఆ వివరాలు సోయాస్‌కూ పంపొచ్చు, ఊరు అనుమతిస్తే.

గోడకు తగిలించే ముందు మాత్రం ఫొటోలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి చూపించండి. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు అనంగు ఆదివాసులు 1994లో మొదలుపెట్టిన ఆరా ఇరితిత్య అనే ఫొటోలు, రికార్డుల భాండారంలో, ఇటీవల చనిపోయినవాళ్ల ఫొటోలను దుఃఖం తీరేదాకా ఎవరికీ కనపడకుండా పక్కన పెడతారు. మీ దగ్గరా ఏ ఇంటివాళ్లైనా ఇప్పుడు వద్దంటే, ఆ ఫొటోను కవరులో పెట్టి, ఇంటిపేరు రాసి, అంటించి, వాళ్లకే ఇచ్చేయండి. నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ‘ఇంట్లో ఉంది’ అని రాస్తే చాలు.